మా వంతెనలో డబ్బా

పురాతనమైన ప్రతి ఊళ్ళోనూ ప్రభుత్వం వెంటనే ఒక ప్లాస్టిక్ డబ్బా దాచిపెట్టాలి! నవ్వకండి. ఇంగ్లండులోని మా థ్రాక్‌లీలో దాచారు. మా వంతెన పిట్టగోడ కూలింది. అంతకన్నా భాగ్యం ఏముంటుంది?

ఈ ఆటను జియోక్యాషింగ్ అంటారు. ఎవరో ఎక్కడో ఒక డబ్బా దాస్తారు. మిగతావాళ్ళు ఫోన్ చూసుకుంటూ వచ్చి, దాన్ని వెతికి పట్టుకుని, లోపలి కాగితం మీద సంతకం గీకి, మళ్ళీ అక్కడే పెట్టి పోతారు. ఊరివాళ్ళ కంట పడకూడదన్నది నియమం. అందుకే కాబోలు, అంత ఎర్రటి రెయిన్‌కోట్లు వేసుకొస్తారు! వంతెన మీద అరగంట సేపు బూటు లేసు కట్టుకునే పెద్దమనిషిని చూస్తే మాకు మాత్రం అనుమానం ఎందుకొస్తుంది?

అసలే మేం మర్యాదస్థులం. మా ఇంటికి నిప్పంటించేవాణ్ణయినా సరే, పరిచయం లేకపోతే "ఏం చేస్తున్నారండీ?" అని అడగం. మొదట వచ్చినతను పిట్టగోడ సందులో మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలుకుతుంటే, పాతకట్టడాల ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చాడనుకున్నాం. ఇన్నేళ్ళ అర్జీలు ఇన్నాళ్ళకు ఫలించాయని పొంగిపోయాం. వాగు అవతల ఉండే మ్యూరియల్ పెన్‌ఫోల్డ్ గారైతే టీ, నిమ్మకాయ కేకు పట్టుకెళ్ళి ఇచ్చారు.

"రాయి వదులుగా ఉందా నాయనా?" అని అడిగారట.

"వదులేనండీ," అన్నాడట అతను కేకు నములుతూ. "ఇంకాస్త లాగితే వచ్చేస్తుంది."

"లాగి చూడు మరి. మొహమాటపడకు."

లాగాడు. తర్వాత వచ్చినవాళ్ళూ లాగారు. ఎవరూ మొహమాటపడలేదు. ఒక పెద్ద వానకు పిట్టగోడ సగం వాగులో పడింది. అప్పుడు నిజంగానే ఆఫీసు కదిలింది! చూశారా ఆట మహిమ? అధికారి ఆల్డస్ రాగ్ గారు స్వయంగా వచ్చి, వంతెనకు రెండు వైపులా టేపు కట్టించారు.

మా మేస్త్రి హెడ్లీ టోపీ తీసి ముందుకొచ్చాడు. "రాళ్ళన్నీ వాగులోనే ఉన్నాయండీ. సాయంత్రానికల్లా ఎక్కించేస్తాను."

"ముట్టుకుంటే కేసు పెడతాను. నాలుగు వందల ఏళ్ళ నాటి గోడ అది."

"ఇప్పుడు గోడెక్కడుందండీ?"

"లేని గోడకైనా అనుమతి ఉండాల్సిందే," అన్నారు రాగ్ గారు.

ఎంత ముందుచూపు! రాయి తీసేవాళ్ళకు అనుమతి అక్కర్లేదు, తిరిగి పెట్టేవాళ్ళకే కావాలి. ఆటగాళ్ళు ఇప్పటికీ టేపు దాటి వచ్చి సంతకాలు పెట్టి పోతున్నారు. వాళ్ళు సందర్శకులట, చరిత్ర మీద మమకారం ఉన్నవాళ్ళట. మేం దాటం. క్యూలో పుట్టి క్యూలో పెరిగిన జాతి మాది. టేపు కనిపిస్తే చాలు, ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో కూడా అడక్కుండా ఆగిపోతాం.

ఇందులో నష్టపోయింది ఒక్క మనిషే. అంత చిన్న విషయం చెప్పాలా? చెబుతాను.

చర్చి వాగుకు ఇవతల ఉంది. గోపురంలో ఆరు గంటలున్నాయి. ఒక్కో గంటకు ఒక్కో తాడు, ఒక్కో తాడుకు ఒక్కో మనిషి. నాది రెండో తాడు. మొదటిది మ్యూరియల్ గారిది. ఆవిడ "చూసుకోండి! కదులుతోంది... కదిలింది!" అని కేకేసి తాడు లాగితేనే మేం లాగేది. పెళ్ళిళ్ళన్నీ, చావులన్నీ ఆ కేకతోనే మొదలయ్యాయి. ఇప్పుడు వంతెన దాటడానికి లేదు. చుట్టూ తిరిగి రావాలంటే లారీలు తిరిగే రోడ్డు, పక్కన కాలిబాటయినా లేదు. పోనీ కారులో తీసుకొస్తానంటే వినరు.

"చర్చికి నన్ను బండిలో తీసుకెళ్ళేది ఒక్కసారే అబ్బాయీ," అన్నారు. "ఆ రోజింకా రాలేదు."

ఆదివారం ఆవిడ టోపీ పెట్టుకుని వాగు గట్టున నిలబడతారు. మేం ఐదుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకుని, కేక లేకుండానే లాగుతాం. ఆ చప్పుడు వింటూ ఆవిడ చేతులు తాడు పట్టుకున్నట్టే కిందికీ పైకీ ఆడటం గోపురం కిటికీలోంచి నేను చూశాను. నాకు సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది.

అందుకే నేనూ ఆటలో చేరాను! పక్క ఊళ్ళో రాగ్ గారి తోటగోడ ఉంది. అదీ పురాతనమే. వీధి వైపు సందులో ఒక డబ్బా దాచి, ఫోన్‌లో ఆచూకీ పెట్టాను: "పాత రాళ్ళ వెనక నిధి. మొహమాటపడకుండా లాగండి."

ఎర్ర రెయిన్‌కోట్లు బారులు తీరాయి. రాగ్ గారు కిటికీలోంచి చూశారు. ఆయనా ఇంగ్లీషువాడే కదా, ఎలా అడుగుతారు? టీ పంపించారట! గురువారం గోడ వీధిలో పడింది. శనివారానికల్లా గోడ కట్టమని హెడ్లీకి కబురొచ్చింది. రాగ్ గారు తానే అర్జీ పెట్టుకుని, తానే పరిశీలించి, తానే మంజూరు చేసుకున్నారు. మా అర్జీ మాత్రం పరిశీలనలోనే ఉంది. పాపం, ఆయనకు తీరికేదీ?

ఆదివారం వాగు ఇవతలి గట్టున నిలబడి ఈ సంగతి మ్యూరియల్ గారికి అరిచి చెప్పాను. ఆవిడ టోపీ సర్దుకుని అడిగారు.

"ఆయనింటి ముందు మెట్లు రాతివేనా?"

"రాతివేనండీ. గోడకన్నా పాతవి."

"బయటికి రావాలంటే అవి దిగాల్సిందేనా?"

"వేరే దారి లేదండీ."

ఆవిడ సంచిలోంచి నిమ్మకాయ కేకు డబ్బా తీశారు. ఖాళీదే. మూత గట్టిగా నొక్కి, చెయ్యి వెనక్కి ఎత్తి, ఎన్నో వారాల తర్వాత ఊరంతా వినబడేలా కేక వేశారు.

"చూసుకోండి! కదులుతోంది... కదిలింది!"

డబ్బా వాగు దాటి వచ్చి నా చేతుల్లో పడింది.