గంగారం దవాఖాన బోర్డు మీద మిగిలిన నీడ

గంగారం దవాఖాన తాళానికి తుప్పు పట్టిందంటే కారణం వాన కాదు, జిల్లా కచేరీలో ఫ్యాన్ల కింద కూర్చున్న పెద్దలారా, మీరే. జ్వరానికి మందు కంటే ముందు అక్షరానికి నీడ కావాలని ప్రపంచ వైద్యచరిత్రలో మొదటిసారి కనిపెట్టింది మీరు. ఆ కీర్తి మీకే దక్కాలి. (తాళంచెవి ఎలాగూ మీ దగ్గరే ఉంది.)

నీడ సంగతి మీకు నేర్పింది మాత్రం మానుకోట పెయింటర్ ఓదెలు. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో అతను రైలు స్టేషను గోడ మీద నినాదాలు రాసేవాడు. ఉత్త అక్షరం రాయడం అతనికి నామోషీ. నల్లటి అక్షరం వెనుక ఎర్రటి నీడ పడాలి, అక్షరం గోడలోంచి లేచి మనిషి మీదికి రావాలి. పోలీసులు సున్నం కొట్టి అక్షరాలు చెరిపేశారు, నీడలు వదిలేశారు. ఉత్తర్వులో అక్షరాలని ఉంది, నీడలని లేదు మరి. తెల్లారి ఊరంతా నీడలనే చదువుకుని జై కొట్టింది. అప్పట్నుంచి ఓదెలు ఛాతీ మనిషికంటే ముందు నడుస్తుంది.

పదేళ్ల తర్వాత గంగారం దవాఖాన బోర్డు పని అతనికే వచ్చింది. భవనం సిద్ధం, మందులు లోపల, నర్సు సుశీల బయట వసారాలో. మంత్రిగారు వచ్చి ప్రారంభిస్తేనే తాళం తీస్తారు. ఓదెలు భార్య అండాలు పుట్టిల్లు ఆ ఊరే, కాన్పుకు అక్కడికే వచ్చిన ఆమెకు నెలలు నిండుతున్నాయి. అడవిదారిలో మానుకోట దాకా ఎడ్లబండి కుదుపులు పడనక్కర్లేదని ఓదెలు బోర్డును ఉయ్యాలంత మురిపెంగా రాశాడు.

"సారూ, నీడ లేని అచ్చరం పీనుగ లెక్కుంటది. నీడ ఏసి సూడు, పేరు లేసి కూసుంటది!" అని ప్రారంభోత్సవ బోర్డుల పర్యవేక్షణాధికారి సోమేశ్వర్ ముందు గొప్పలు పోయాడు.

అదే కొంప ముంచింది. సోమేశ్వర్ ఆ మాటను నియమం చేశాడు. ప్రతి పేరుకూ నీడ తప్పనిసరి. మంత్రి నీడ శాసనసభ్యుడి పేరు మీద పడవచ్చు, శాసనసభ్యుడి నీడ మంత్రి మీద పడరాదు. కలెక్టరు నీడ ఖాళీ స్థలంలోనే పడాలి. (సూర్యుడికి కూడా ఒక ప్రతి పంపారు.) మంత్రులు తరచూ మారతారు కనుక పేరు మార్చుకునే వీలుండాలి, సోకు మాత్రం చెదరరాదు.

ఓదెలు దానికీ ఉపాయం పన్నాడు. రేకు అక్షరాలు కత్తిరించి కొక్కేలకు వేలాడదీశాడు, వాటి నీడలు బోర్డు మీద రంగుతో వేశాడు. పేరు తీయి, పేరు పెట్టు. సోమేశ్వర్ మురిసిపోయి నీడకు ఆమోదముద్ర గుద్దాడు.

ప్రారంభానికి ముందే మంత్రి మారాడు. పాతాయనది గూడ్సుబండంత పేరు, కొత్తాయనది రెండక్షరాలు. రేకులు మార్చారు. కొత్త మంత్రి వెనుక పాత మంత్రి నీడ బారెడు సాగి నిలబడింది.

"గిదేందిది? మా సారు ఎనుక ఎవలు నిలవడ్డరు?" అని కొత్త మంత్రి అనుచరుడు అదిరిపడ్డాడు.

"పాతసారు నీడనే. జర రంగు పూస్తె పోతది," అన్నాడు ఓదెలు.

"ఆమోదం పొందిన నీడను తుడవాలంటే నీడదారుని సమ్మతి కావాలి," అన్నాడు సోమేశ్వర్.

పాత మంత్రిని అడిగితే, కుర్చీ లాక్కున్నది చాలక నీడ కూడానా అని మండిపడ్డాడు. అప్పుడు కచేరీ బుర్ర పాదరసంలా కదిలింది. నీడ తగ్గకపోతే పేరే పెంచుదాం! కొత్త పేరు ముందు 'గౌరవనీయులు' తగిలించారు, దాని ముందు 'మహారాజశ్రీ' తగిలించారు, వెనుక 'గారు' తోక కట్టారు. అయినా కొంచెం నీడ మిగిలింది. అది ఎవరికి చెందాలనే ప్రశ్న హైదరాబాదు వెళ్లింది.

అది అక్కడుండగానే అండాలుకు నొప్పులొచ్చాయి. మంచంతో సహా మోసుకొచ్చి దవాఖాన వసారాలో దించారు.

"తాళం తియ్యి సుశీలక్కా!"

"తాళంచెవి నా కాడ ఏడుంది ఓదెలన్నా? నీడ తేలినంక ఇస్తరట. నువ్వే గద నీడ కావాలంటివి!"

"నీ నీడలల్ల మన్నువడ!" అని అండాలు పళ్లు బిగబట్టి అరిచింది. "ముందుగాల నలుగురు సూడకుంట మరుగన్న వెట్టు!"

ఓదెలు బోర్డును పెరికాడు. మహారాజశ్రీ, గౌరవనీయులు, మంత్రి, గారు, అందరూ గలగలమంటూ నేల రాలారు. బోర్డును వసారాకు అడ్డం పెట్టి రెండు చేతులా పట్టుకున్నాడు. వేడినీళ్లు పక్కింటి నుంచి, దారం, బ్లేడు కిరాణం కొట్టు నుంచి వచ్చాయి. లోపల అలమారాలో కొత్త కత్తెరలు తళతళమంటూ చూస్తున్నాయి. కాసేపటికి బోర్డు వెనుక ఆడపిల్ల కెవ్వుమంది.

సోమేశ్వర్ జీపు దిగి, "ప్రారంభం కాని బోర్డును వాడేశారు! ఈ పిల్ల ఎవరి నీడలో పుట్టిందని రాయమంటారు?" అని గుండెలు బాదుకున్నాడు.

"నా బిడ్డకు నీడ ఒద్దు సారూ, సూదిమందియ్యి," అంది అండాలు. "గా కిటికీల కెల్లి కనవడుతనే ఉన్నది."

సోమేశ్వర్ కిటికీలోంచి చూశాడు. జేబు తడుముకున్నాడు. తాళంచెవి భద్రంగానే ఉంది. జీపెక్కి వెళ్లిపోయాడు.

కనుక పెద్దలారా, ఇంకో నియమం రాయకండి, సంఘం వేయకండి. ఆ తాళంచెవి తెచ్చి సుశీల చేతిలో పెట్టండి, ఇవాళే. బోర్డు మీద ఎవరి పేరైనా వేలాడదీసుకోండి, దాని నీడను మానుకోట దాకా సాగదీసుకోండి. నొప్పులు బోర్డు చదివి రావు.