వీధికి ఒక ఫ్రిజ్

తప్పు మాబుది కాదు, కరీమున్‌ది అంతకంటే కాదు. తప్పంతా మీదే, దాతల్లారా! మీ ఇంటి పేదరికం చూడ్డానికి వస్తున్నామని ముందురోజే ఫోన్ చేసి చెప్పింది ఎవరు? మీరే. పెద్దమనుషులు గడప తొక్కుతున్నారంటే చీరాల మగ్గాల వీధి చేతులు కట్టుకుని కూర్చుంటుందా? ఆ మాత్రం తెలియకుండానే స్కాలర్‌షిప్పులు పంచడానికి బయల్దేరారు. ఏం జరిగిందో వినండి.

మాబు ఆటో నడుపుతాడు. అతని కూతురు ఫిజాకి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. శుక్రవారం లోపు ఫీజు కట్టకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. గుంటూరు మిర్చి వ్యాపారి పానకాలు గారు తన తల్లి పేరు మీద పెట్టిన ట్రస్టు ఫిజా దరఖాస్తును అన్ని మెట్లూ ఎక్కించింది. ఇంటిని కళ్లారా చూడడం ఒక్కటే మిగిలింది. మంగళవారం పొద్దున మాబు భార్య కరీమున్ వేసుకున్న ప్లాను చిన్నదే. ఇల్లు ఊడవాలి, చాప పరవాలి, టీ ఇవ్వాలి, సంతకం పెట్టించుకోవాలి.

చాప పరుస్తుంటే వెనకింటి రాఘవమ్మ వచ్చింది.

"గుంటూరు నించి కార్లో వస్తున్న మనిషిని చాప మీద కూచోబెడతావా కరీమూ?"

"మాకున్నది అదేగా వదినా."

"నీకు లేకపోతే వీధికి లేదా ఏంటి?"

అంతే. పావుగంటలో వీధి చివరింటి రెబెకా టీచరు గారి ఎర్ర సోఫా నలుగురి భుజాల మీద ఊరేగుతూ వచ్చింది. దాని వెనకే తోపుడు బండి మీద శివనాగరాజు సోడా కొట్టు ఫ్రిజ్ వచ్చింది. ఒక పక్కన సొట్ట, తలుపు మీద ఆంజనేయస్వామి స్టిక్కరు. మాబు ఒక క్షణం ఆలోచించి ఆంజనేయస్వామి మీద రంజాన్ ఉపవాస వేళల క్యాలెండరు టేపుతో అతికించాడు.

"ఒరేయ్ మాబూ, లోపల నా సోడాలున్నయ్. లెక్కపెట్టే తెచ్చా. ఎవడన్నా ముట్టుకుంటే ఊరుకోను," అని చెప్పి శివనాగరాజు వెళ్లిపోయాడు.

తల దువ్వుకుంటూ బయటికొచ్చిన ఫిజా, ఇల్లు తప్పి వచ్చానేమో అనుకుంది.

"ఏంటమ్మా ఇదంతా! వాళ్లు వచ్చేదే మనకి లేదని చూసుకోడానికి!"

"లేదని ఎవరైనా చూపించుకుంటారటే, సిగ్గుండదూ? నోర్మూసుకుని కూర్చో."

కారు వచ్చింది. పానకాలు గారు తెల్ల పంచెతో దిగారు. ఆయనతో ట్రస్టు ఉద్యోగిని ఉదయశ్రీ ఫారం పట్టుకుని దిగింది. ఆ ఫారంలో గళ్లున్నాయి. సోఫా ఉన్నదా? ఉన్నది. ఫ్రిజ్ ఉన్నదా? ఉన్నది. ఒక్కో టిక్కు పడుతుంటే ఫిజా గుండెలో ఒక్కో మేకు దిగుతోంది. మంచినీళ్ల కోసం కరీమున్ ఫ్రిజ్ తెరిస్తే వరసగా నలభై గోలీసోడాలు తళతళలాడాయి.

"ఇంట్లో అందరూ సోడాలే తాగుతారా అమ్మా?" అన్నారు పానకాలు గారు.

ఇక ఫిజా ఆగలేకపోయింది. "ఇవేవీ మావి కావు సార్!"

ఆయన పకపకా నవ్వారు. "కోల్డ్ స్టోరేజీ ఉన్నవాడు కూడా నా దగ్గరికొచ్చి ఇదే అంటాడు తల్లీ. అది నాది కాదండీ, మా బావగారిదీ అంటాడు."

ఉదయశ్రీ ఫారం మూసింది. "పదండి సార్. కోటేష్ అని ఇంజనీరింగ్ కుర్రాడు, వాళ్లిల్లూ ఈ పక్కనే. రేపు రావాలి గానీ, ఎలాగూ వచ్చాం కదా."

టీ గ్లాసులు తీస్తున్న రాఘవమ్మ చేతిలో పళ్లెం దభీమని కింద పడింది. కోటేష్ ఆమె కొడుకే! వాళ్లింట్లో చాప కూడా కొత్తది కాదు. ఆమె మాబు వంక చూసింది. మాబుకి అర్థమైంది.

"దారి కష్టం సార్. నా ఆటో వెనకాలే రండి," అన్నాడు.

గోడ దూకితే రెండు అడుగుల దూరం అది. మాబు కారును పేరాల దాకా తిప్పి, రైల్వే గేటు పడేదాకా నెమ్మదిగా నడిపి, గూడ్సు బండి మొత్తం దాటేదాకా గేటు ముందు నిలబెట్టాడు. ఈలోగా సోఫా గోడ దాటింది, ఫ్రిజ్ సందు తిరిగింది. రాఘవమ్మ ఇంట్లో చోటెక్కడిది? గది నిండా గుంట మగ్గమే. నేసేవాళ్లు కాళ్లు కిందికి వేలాడేసి కూర్చునే ఆ గోతి మీద పాత చెక్కలు పరిచి, వాటి మీద సోఫా నిలబెట్టారు. ఆ హడావుడిలో క్యాలెండరు పీకడం ఎవరికీ గుర్తు లేదు.

పానకాలు గారు లోపలికి రాగానే ఆయన కళ్లు దాని మీదే పడ్డాయి.

"మీరు కూడా రోజా ఉంటారామ్మా?"

"ఉంటామండీ," అంది రాఘవమ్మ. "మంగళవారం మంగళవారం."

ఉదయశ్రీ ఫ్రిజ్ పక్కకి వంగింది. "సార్, ఈ సొట్ట ఇందాక ఆ ఇంట్లో చూశాను."

"సోఫా కూడా ఎర్రదే! ఏంటమ్మా, మమ్మల్ని ఆటలాడిస్తున్నారా?" అంటూ ఆయన కోపం కొద్దీ సోఫాలో బలంగా కూలబడ్డారు.

ఫెళ్లున చెక్క విరిగింది. సోఫా ముందుకు ఒరిగింది. పానకాలు గారు జర్రున జారి నడుం దాకా మగ్గం గోతిలోకి దిగిపోయారు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో శివనాగరాజు గొంతు ఖంగుమంది.

"ఏరా కోటేషూ! నా ఫ్రిజ్‌కి మీ వీధంతా తీర్థయాత్ర చేయిస్తారా? గిరాకీ పోతోందిరా!"

అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఎవరి మాటా ఎవరికీ వినబడలేదు. గోడ దూకి వచ్చిన ఫిజా అరుపు ఒక్కటే వినబడింది.

"ఇప్పుడు మా ఇంటికి రండి సార్! చాప ఉంటుంది. అంతే ఉంటుంది. అది చూసి రాసుకోండి!"

గోతిలోంచి ఏదో చప్పుడు. పానకాలు గారి కాళ్లు, కింద తొక్కే చెక్కలను వాటంతట అవే వెతుక్కుని తొక్కుతున్నాయి. ఒకటి, రెండు. ఒకటి, రెండు.

"మంగళగిరిలో మా అమ్మ ఇలాంటి గోతిలో కూర్చునే నన్ను చదివించింది," అన్నారాయన. "స్కూలు ఇన్‌స్పెక్టరు మా ఇంటికొస్తే పక్కింటి కుర్చీ తెచ్చి వేసింది. మోసింది నేనే."

"మరి ఫ్రిజ్ గడిలో ఏం రాయను సార్?" అంది ఉదయశ్రీ.

"వీధికి ఒకటి అని రాయమ్మా."

"అలాంటి గడి లేదు సార్."

"అయితే ఆ ఫారం చించి అవతల పారెయ్! ముందు నన్ను పైకి లాగండి!"

ఆయనను లాగడానికి ఆరుగురు పట్టారు. బయటికొచ్చి ఒక సోడా తాగారు. శివనాగరాజు ఆ ఒక్కటీ లెక్కలోంచి తీసేశాడు. గురువారం సాయంత్రానికి ఫిజా ఫీజు యూనివర్సిటీకి చేరింది, కోటేష్‌ది కాలేజీకి చేరింది. ఆ రాత్రి ఫిజా బట్టలు సర్దుకున్న సూట్‌కేసు కూడా రెబెకా టీచరు గారిదే.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. మరి ఈ గొడవ నుంచి ట్రస్టు కమిటీ ఏం నేర్చుకుంది? వచ్చే ఏడాది నుంచి చెప్పకుండా వస్తారట! అదీ తీర్మానం!

ఇళ్లు చూడడం ఇవాళే ఆపండయ్యా. మార్కులు చూడండి, ఫీజు గడువు చూడండి, ఆ డబ్బు గడువుకి ముందే నేరుగా కాలేజీకి కట్టండి. పిల్లల చదువుకి కావాల్సింది మీ తనిఖీ కాదు, మీ తొందర. కాదూ, వచ్చి చూసే తీరుతామంటారా?

కుర్చీలు మీరే తెచ్చుకోండి.