ఆదెమ్మ ప్రథమ ఫలం

ఆ ఆదివారం ఉదయం శాంతయ్య పెట్టుకున్న పని ఒక్కటే. తేనె తీసుకుపోయి చర్చిలో పెట్టడం, చనిపోయిన భార్య ఆదెమ్మ పేరు చదివించడం. ఆమె నంద్యాలలో తేనెటీగల పెంపకం శిక్షణకు పోయి తెచ్చుకున్న పెట్టెలోది ఆ తేనె. తొలి తేనె దేవునికే అని మొక్కుకుంది. తేనె చేరకముందే కన్నుమూసింది. ఆ తర్వాత ఆళ్లగడ్డ మండుటెండల్లో ఈగలకు చక్కెర నీళ్లు పోసిందీ, చీమలెక్కకుండా పెట్టె కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టిందీ రిటైరైన ఈ మాస్టారే. పొద్దుతిరుగుడు పూతకు పెట్టె బరువెక్కినా, కోత పండుగ వచ్చేదాకా ఆయన వేలు ముంచి నాకలేదు.

కోత పండుగ నాడు ఆ చర్చివాళ్లు తొలి పంట తెచ్చి బల్ల మీద పెడతారు. ఇచ్చినవారి పేరు పాస్టరు అయ్యగారు చదువుతారు, ఆ తర్వాత వేలం. శాంతయ్య తేనెను తేనెపట్టు ముక్కలతో సహా స్టీలు బేసిన్లో నింపాడు.

"మూత పెట్టు మామా. పూలు అయిపోయి ఈగలు ఆకలి మీదుండాయి. పెట్టె చర్చి ఎనకాలే కదా," అంది కోడలు లూదియా.

"దేవుని ముందర కానుకకు మూతేందీ? గుమ్మడికాయలు మూతేసుకోనొస్తాండాయా?"

గుమ్మడికాయల పక్కనే బేసిన్ పెట్టి శాంతయ్య ముందు వరుసలో కూర్చున్నాడు. ప్రార్థన మొదలైంది. అయ్యగారు యేసురత్నం కళ్లు మూస్తే ఆమెన్ దాకా తెరిచే రకం కాదు. మొదట ఒక ఈగ కిటికీలోంచి వచ్చి, తాగి, వెళ్లింది. ఇంటికి పోయి ఏం చెప్పిందో గానీ, తిరిగి బంధుబలగంతో వచ్చింది. జనం చేతులెత్తి విదిలించుకున్నారు, కేకలు పెట్టారు. తన ప్రార్థనకు సంఘం ఇన్నాళ్లకు కదిలిందనుకుని అయ్యగారు కళ్లు తెరవకుండానే గొంతు పెంచారు. పై పెదవి మీద ఈగ కుట్టాకే ఆమెన్ వచ్చింది.

అప్పటికి బెంచీలు ఖాళీ. పొగకు ఈగలు తగ్గుతాయని శాంతయ్య ఇంటికి పరుగెత్తి పిడక రాజేసి చర్చిలోకి తెచ్చాడు. ఎదురుగా కిరాణా కొట్టు మాధవయ్యకు కనిపించింది వేరు. బయటికి పరుగెత్తే జనం, వాళ్ల వెనక కిటికీల్లోంచి పొగ. ఆయన మంచి మనిషే గానీ ఆగి అడిగే మనిషి కాదు. వెంటనే ఫోన్ తీశాడు.

"బేగా రండప్పా! చర్చి కాలిపోతాంది!"

ఫైరింజను వచ్చింది. వద్దు వద్దని శాంతయ్య చేతులాడించాడు. లోపల ఇంకా మనుషులున్నారని చెబుతున్నాడనుకుని వాళ్లు నీళ్లు మరింత గట్టిగా కొట్టారు. బేసిన్ బోర్లా పడింది. తేనే, గుమ్మడికాయలూ, పిడక బూడిదా కలిసి గడప దాటి వీధిలోకి వచ్చాయి.

"మంట యాడప్పా?" అన్నాడు గొట్టం పట్టుకున్నతను.

"మంట లేదు నాయనా, తేనె," అంటూ శాంతయ్య మెట్ల మీద కూలబడ్డాడు. అయ్యగారి పెదవి వంకాయంత అయింది. పేరు చదవడం అటుంచి, ఆయనకు నీళ్లు తాగడమే గగనమైంది. శాంతయ్యకు ఏడుపు ఆగలేదు. "ఒక్క తూరి నీ పేరు చదివించలేకపోతినే ఆదెమ్మా!"

మాధవయ్య కొట్టు దిగి వచ్చాడు. "ఎవురి ఈగలు సారూ ఇవి?"

"మా ఆదెమ్మవి."

ఆ తర్వాత ఫైరింజను డ్రైవరు అడిగాడు. కుట్టించుకున్నవాళ్ల చుట్టాలు అడిగారు. ఆసుపత్రిలో నర్సు అడిగింది. అందరికీ అదే జవాబు. సాయంత్రానికి చాగలమర్రి బస్సు ఎక్కేవాళ్లు కూడా ఆదెమ్మ ఈగల గురించే మాట్లాడుకుంటున్నారు.

లూదియా వచ్చి ఆ మాట చెబితే శాంతయ్య కళ్లు తుడుచుకున్నాడు. అయ్యగారు చదివుంటే ఆ పేరు చర్చి గోడల మధ్యే ఉండిపోయేది. ఇప్పుడు ఊరంతా పలుకుతోంది. సగం మంది తిట్టుకుంటూనే పలుకుతున్నారు గానీ, ఆదెమ్మ బతికున్నప్పుడూ అంతే.