వెజిమైట్ సీసాలో ముప్ఫై ఒక్క ఏళ్లు

"టెగ్, ఈ లోయలో నేరం చేయాలనుకునేవాడికి రెండే దారులు. ఒకటి, మానుకోవడం. రెండు, వేరే లోయకి మకాం మార్చడం," అన్నాడు మా ఆయన డార్సీ, శనివారం పొద్దున్నే టోస్టు ముక్క గాల్లో ఆడిస్తూ.

మా పెళ్లయి అప్పటికి పదకొండు వారాలు. మొగుడు ఏం వాగినా ముచ్చటగా వినిపించే కాలం. అవునవును అన్నాను.

డార్సీ వారానికి ఐదు రోజులు కౌన్సిల్ వాళ్ల గడ్డి కోసే యంత్రం నడుపుతాడు. మిగతా రెండు రోజులు డిటెక్టివ్. ఆరు పాఠాల కోర్సొకటి పోస్టులో చదివాడు. ఆరో పాఠం దారిలో ఎక్కడో పోయింది. దాన్ని వెతకడమే తన మొదటి కేసుగా పెట్టుకుని, ఏడాదిన్నరగా పరిశోధిస్తున్నాడు.

ఆ టోస్టు మీద ఉన్నది నేను చేసిన లెమన్ బటర్. నిమ్మకాయలూ గుడ్లూ చక్కెరా వెన్నా కలిపి, నా జన్మలో మొదటిసారి చేసింది. సరిగ్గా ఒక్క సీసా అయింది. క్రితం ఆదివారం పక్కింటి నెవిల్, బెరిల్ దంపతుల బార్బెక్యూకి వేడివేడిగా పట్టుకెళ్లి, చల్లారడానికని వాళ్ల గరాజ్‌లో బీరు ఫ్రిజ్‌లో పెట్టాను. తర్వాత కబుర్లలో పడి వడ్డించడమే మరిచిపోయాను. వచ్చేటప్పుడు గేటు దగ్గర గుర్తొచ్చి, నా సీసా తెమ్మంటే డార్సీ వెనక్కి పరుగెత్తి తెచ్చాడు. ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దున్న నాలుగు ముక్కలకి దట్టంగా రాసుకుని తింటున్నాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తాను. అతను కళ్లు మూసుకుని, "అద్భుతం, టెగ్," అంటాడు. ఆ కళ్లు మూసుకోవడం చూశాక నాకు ఒక్క చెంచా తీసుకోవాలన్నా మనసొప్పలేదు. అంతా అతనికే ఉంచాను.

మూడు రోజులుగా డార్సీ కడుపులో మాత్రం ఒకటే గుడగుడ. అడిగితే అది అంతర్వాణి అనీ, పెద్ద కేసేదో దగ్గర పడుతోందనీ చెప్పాడు.

నిజంగానే వచ్చింది. టిఫినయ్యాక నెవిల్ దగ్గర అరువు తెచ్చిన నిచ్చెన తిరిగివ్వడానికి వెళ్లి, పావుగంటలో ముఖం వెలిగిపోతూ వచ్చాడు.

"కేసు దొరికింది టెగ్. హత్యా, అపహరణా అన్నది ఇంకా తేలలేదు. శవం మాత్రం మారిపోయింది."

మారిపోయింది నెవిల్ ఈస్టు. నెవిల్ బీరుకి చేదునిచ్చే హాప్ పూల తోటల్లో, ఆ పూలు ఎండబెట్టే బట్టీల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఇంట్లోనే బీరు కాస్తాడు. ఒక విడత పులిశాక డ్రమ్ము అడుగున మీగడలా పేరుకున్న ఈస్టుని సీసాకెత్తి ఫ్రిజ్‌లో దాచి, మళ్లీ విడతకి దాన్నే వేస్తాడు. అలా ఒకే ఈస్టు ముప్ఫై ఒక్క ఏళ్లుగా ప్రాణంతో ఉంది. మొదలుపెట్టింది ఆయనా, ఆయన తమ్ముడు రెజ్జీ కలిసి. రెజ్జీ పోయి తొమ్మిదేళ్లయింది. అప్పటి నుంచి ఈస్టు డ్రమ్ములో పోసే ప్రతిసారీ, "రా, రెజ్జీ," అంటాడు నెవిల్. మా వీధిలో ఎవరూ దానికి నవ్వరు.

ఐదు వారాల్లో మా ఊరి షో, అంటే పంటలకీ వంటలకీ బీరుకీ పోటీలు పెట్టే ఏటేటి ప్రదర్శన. దాని కోసమని ఆ వేళ తెల్లారకుండానే లేచి బార్లీ మాల్టూ హాప్సూ మరిగించి, కషాయం డ్రమ్ములో చల్లారబెట్టి, ఫ్రిజ్ తెరిచాడు. సీసా ఫ్రిజ్‌లోనే ఉంది. లోపల ఉన్నది మాత్రం ఈస్టు కాదు. చిక్కగా, పసుపుపచ్చగా ఇంకేదో ఉంది. సరిగ్గా అప్పుడే నిచ్చెనతో లోపలికొచ్చిన డార్సీ ఆ సీసా లాక్కుని, రెండు బ్రెడ్డు సంచుల్లో చుట్టి, కోటు లోపల పెట్టుకున్నాడు. దొంగ నకిలీ పెట్టి అసలు ఎత్తుకుపోయాడని అక్కడికక్కడే తేల్చేశాడు.

నేను వాళ్ల గరాజ్‌కి వెళ్లేసరికి నెవిల్ బోర్లించిన పాలడబ్బా మీద కూర్చుని డ్రమ్ము వైపు చూస్తున్నాడు. షాపులో ఈస్టు పొట్లాలు దొరుకుతాయిగా అన్నాను. బెరిల్ నా కాలు తొక్కింది.

"షోదేముంది టెగన్, వచ్చే ఏడూ ఉంటుంది," అన్నాడు నెవిల్. "వాణ్ణి రెండోసారి పంపించేసినట్టుంది నాకు."

ఆ మాట వినగానే డార్సీ ముందుకొచ్చాడు. సాయంత్రం కషాయం పాడయ్యేలోపు ఈస్టు తెచ్చి చేతిలో పెడతానని మాటిచ్చేశాడు. చూపించవయ్యా ఆ నకిలీ ఏమిటో అని బెరిల్ రెండుసార్లు అడిగింది. బాధితుడి భార్యకి సాక్ష్యం చూపకూడదని నాలుగో పాఠంలో ఉందట, ఇవ్వలేదు.

అనుమానితురాలు ఒక్కతే. హార్డ్‌వేర్ షాపు గ్లెండా. షోలో బీరు పోటీకి ఐదేళ్లుగా వరసగా రెండో బహుమతి ఆవిడదే, మొదటి బహుమతి నీలం రిబ్బను నెవిల్‌ది. పైగా ఆదివారం బార్బెక్యూకి వచ్చి, ఆ ఫ్రిజ్ నాలుగుసార్లు తెరిచింది. అందరం తెరిచామనుకోండి. అది బీరు ఫ్రిజ్.

డార్సీ మారువేషం వేశాడు. అంటే టోపీ తిప్పి పెట్టుకున్నాడు. గ్లెండా షాపు వెనక షెడ్డులో దూరి, డ్రమ్ముల మధ్య గొంతుక్కూర్చున్నాడు. నేను కంచె ఇవతల కాపలా. గ్లెండా డ్రమ్ము మూతకున్న గొట్టంలోంచి గాలి బుడగ బయటికొచ్చినప్పుడల్లా బుళుక్కుమంటోంది. అది రహస్య సంకేతమని డార్సీ పుస్తకంలో చుక్కలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. బుళుక్. చుక్క. బుళుక్. చుక్క. ఇంతలో అతని కడుపు గుడగుడమని జవాబిచ్చింది. డ్రమ్ము బుళుక్కుమంటే కడుపు గుడగుడ. కంచె ఇవతలికి నాకే వినిపిస్తోంది. తన డ్రమ్ముకి ఏమయిందోనని గ్లెండా షాపులోంచి పరుగెత్తుకొచ్చింది.

"డార్సీ," అంది, "కౌన్సిల్ గడ్డి నా షెడ్డులో కూడా మొలిచిందా?"

తప్పనిసరై నేను వెళ్లి సంగతంతా చెప్పాను. గ్లెండా ముఖం పాలిపోయింది. షాపుకి తాళం వేసి మాతో బయల్దేరింది. నెవిల్ పోటీలో లేకుండా వచ్చే నీలం రిబ్బను తనెక్కడ కట్టుకోవాలని దారంతా సణిగింది. ఇంత ఒత్తిడి పెడితే దోషి ఎవరైనా ఇలాగే మాట్లాడతారని డార్సీ నా చెవిలో చెప్పాడు.

నాలుగింటికి నెవిల్ గరాజ్‌లో అందరం చేరాం. డార్సీ గ్లెండాని ఒకవైపు, బెరిల్‌ని ఒకవైపు, నన్ను తలుపు దగ్గర నిలబెట్టాడు. నెవిల్ డబ్బా మీదే ఉన్నాడు. డార్సీ కోటులోంచి సీసా తీసి, ఒక్కో సంచీ విప్పుతూ, ఈ లోయ చరిత్రలో ఇంత కర్కశంగా జరిగిన నేరం లేదని మొదలుపెట్టాడు. మాటల్లోనే మూత తిప్పాడు. నిమ్మకాయ వాసన గుప్పుమంది. బెరిల్ నా వైపు చూసింది. నేను నోరు తెరిచాను.

"ఎవరూ మాట్లాడొద్దు," అన్నాడు డార్సీ. "ఇది విషమో కాదో డిటెక్టివ్ తన నాలుక మీదే తేల్చుకోవాలి. ఐదో పాఠం."

వేలు ముంచి నాకాడు. కళ్లు మూయలేదు.

"లెమన్ బటర్," అన్నాడు తేలిగ్గా. "అదీ నాసిరకం. అసలు లెమన్ బటర్ ఎలా ఉంటుందో నన్నడగండి. వారంగా మా టెగ్ చేసింది తింటున్నాను. మూత తీస్తే బుస్సుమని పలకరిస్తుంది. నాలుక మీద చురచురా పొంగుతుంది. మంచి చేదు, చివర్న కాస్త బీరు వాసన. ఇదేముంది, ఉత్త తీపి."

నెవిల్ మోకాళ్ల మీద చేతులాన్చి మెల్లగా లేచాడు.

"ఏ సీసాలో, అబ్బాయ్?"

"వెజిమైట్ సీసాలో."

మా ఊళ్లో, టోస్టుకి రాసుకునే నల్లటి వెజిమైట్ అయిపోయాక ఆ సీసా పారేసిన మనిషి ఇంకా పుట్టలేదు. లేబులు కూడా చింపరు. నాదీ అదే, నెవిల్‌దీ అదే.

"ఎంత మిగిలింది?" అన్నాడు నెవిల్.

డార్సీ వేలు ఇంకా నోట్లోనే ఉంది. అతని ముఖంలో రంగు మారడం నేను చూశాను. పొద్దున్న కూడా నాలుగు ముక్కలకి రాసుకున్నాడు మరి.

అందరం కంచె దాటి పరుగెత్తాం. డెబ్బై ఏళ్ల బెరిల్ నాకన్నా ముందు దాటింది. సీసా మా వంటింటి బల్ల మీద ఎండలో ఉంది, మూత కూడా పెట్టలేదు. అడుగున వేలెడు కూడా లేదు. మసక మీగడలాంటిది, దాని మీద టోస్టు పొడి. నెవిల్ సీసాని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు. ఆ మీగడ అంచున ఒక చిన్న బుడగ లేచి, పగిలింది. కాసేపటికి ఇంకొకటి.

"ఉన్నాడు," అన్నాడు నెవిల్.

తర్వాతంతా గ్లెండాయే నడిపించింది. ఈస్టు తిని పెరగడానికని డ్రమ్ములోంచి కప్పు కషాయం తెచ్చి సీసాలో పోయించింది. మిగతాది మళ్లీ మరిగించి మూత బిగిస్తే సోమవారం దాకా ఆగుతుందని తన పెద్ద గిన్నె తెచ్చిచ్చింది. నెవిల్ తన ఉన్ని టోపీ తీసి సీసాకి తొడిగాడు. ఆ రెండు రోజులూ బట్టతలతోనే తిరిగాడు.

డార్సీ ఓ మూల నిలబడి, తనను తాను పెనుగులాట లేకుండా పట్టుకున్న మొదటి డిటెక్టివ్ తనేనని మెల్లగా అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. అందరూ వెళ్లాక అడిగాను, ఆరు రోజులు అంత చేదు తింటూ ఒక్క మాటైనా ఎందుకనలేదని.

"నువ్వు మొదటిసారి చేశావు కదా," అన్నాడు, టోపీ సరిగ్గా తిప్పుకుంటూ. "అంత బాగా చేసినదానికి చేదంటే, నాకే రుచి తెలీదేమో అనుకున్నాను."

నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో చెప్పలేను. రెండూ ఒకేసారి పొంగాయి.

సోమవారం పొద్దున్న ఉన్ని టోపీ తడిసిపోయింది. నురగ మూతని పక్కకి నెట్టి బల్ల మీదికి కారుతోంది. నెవిల్ సీసా ఎత్తి డ్రమ్ములో వంచుతూ, "రా, రెజ్జీ. ఈసారి టిఫిన్ కూడా చేసొచ్చావు," అన్నాడు.

షోలో ఒక్క మార్కు తేడాతో నీలం రిబ్బను నెవిల్‌కే వచ్చింది. న్యాయనిర్ణేత చీటీ మీద, వెనకెక్కడో వెన్న రాసిన టోస్టు ఛాయ, వినూత్నంగా ఉంది, అని రాశాడు. గ్లెండా ఆ చీటీ మూడుసార్లు చదివి, మర్నాడు రెండు బ్రెడ్లు కొనుక్కెళ్లింది.

నేను మళ్లీ నిమ్మకాయలు తెచ్చి లెమన్ బటర్ చేశాను. ఈసారి సీసా మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి, గుమ్మంలో నిలబడ్డాను. డార్సీ నాలుగు ముక్కలకి దట్టంగా రాసుకుని, కొరికి, చాలాసేపు ఆలోచించాడు.

"నిజం చెప్పు," అన్నాను.

"బానే ఉంది టెగ్," అన్నాడు నొప్పించకుండా. "కాకపోతే ఈసారి సరిగ్గా పొంగలేదు."