మేనమామ ఓణీ

అన్యాయం జరిగింది ఎవరికి? రాజకుమారికి. చేసినదెవరు? స్వయానా మేనమామ వెంకట్రామయ్య. ఏ విధంగా? ఆమె ఓణీల వేడుకనాడు, పీటల మీద కూర్చున్న పిల్లకు మొదటి ఓణీ మేనమామ చేతి మీదుగా అందవలసి ఉండగా, ఆ పెద్దమనిషి ముహూర్తం దాటాక చేతులూపుకుంటూ వచ్చాడు. కారణం చెప్పలేదు. పొరుగింటివారి ఓణీ కప్పి తంతు ముగించారు. నాటి నుంచి నాలుగు దశాబ్దాల పాటు రాజకుమారి అవనిగడ్డలో మేనమామ గడప తొక్కలేదు.

ఇప్పుడు ఆ వెంకట్రామయ్య మనుమరాలు బిందుకు ఓణీలు. పిలుపు అందగానే గుడివాడలో రాజకుమారి ప్రయాణం ఖాయం చేసింది. శనివారం బందరులో ఆడపడుచు ఇంట మకాం. ఆదివారం పొద్దున్నే మోపిదేవిలో దర్శనం. అక్కడి నుంచి అవనిగడ్డ. సంచిలో కంచిపట్టు ఓణీ. నాలుక మీద, ఏళ్ల తరబడి సానపట్టిన వాక్యం: "ఓణీ అంటే ఇలా వేళకు అందాలి మావయ్యా!" నలుగురి ఎదుట ఆ ఒక్క మాట అనగలిగితే తనకు న్యాయం జరిగినట్టేనని ఆమె లెక్క.

ఫంక్షన్ హాలు గేటుకు బిందు ఫ్లెక్సీ కట్టి ఉంది. లోపల కింద ఒక హాలు, మేడ మీద మరొకటి. రెండింట్లోనూ సన్నాయి మోగుతోంది.

"కిందో పైనో ఓసారి ఫోన్ చేసి అడగనా రాజీ?" అన్నాడు భర్త గిరిధర్.

"ఇన్నేళ్లకి వస్తున్న మేనకోడల్ని, మా మావయ్య ఏ అంతస్తులో ఉన్నాడండీ అని గుమ్మంలో నిలబడి అడగాలా? పరువుండక్కర్లేదూ! నడవండి."

కింది హాల్లో, పిల్ల తల్లి సుమతి ఎదురొచ్చింది. "రండి పిన్నిగారూ! ఇంతాలస్యమా?" అంటూ పన్నీరు చల్లింది. వచ్చినావిడ తన అత్తవారి వైపు మనిషని సుమతి అనుకుంది. సుమతి పుట్టింటి మనిషని ఆమె భర్త అనుకున్నాడు. గుమ్మంలోకి వచ్చిన అతిథిని "మీరెవరండీ?" అని అడగడం ఆ సీమలో అన్నం పెట్టకపోవడం కన్నా పెద్ద నేరం గనుక, ఎవరూ అడగలేదు. పీటల మీది పిల్లకు, గేటు దగ్గరి ఫ్లెక్సీకి ఏ పోలికా లేకపోవడం రాజకుమారి గమనించకపోలేదు. అదంతా మేకప్ మహిమ అని తీర్పు చెప్పుకుంది.

"పెద్దాయన ఏరమ్మా?" అని అడిగింది.

"లోపల నడుం వాల్చారండీ. లేపమంటారా?"

"వద్దులే. ముఖం చెల్లడం లేదు కాబోలు. పడుకోనీ."

సుమతికి ఏమీ బోధపడలేదు. పెద్దల మాటకు తల ఊపడం అలవాటు గనుక ఊపింది.

కాసేపట్లో హాలంతా రాజకుమారి చెప్పుచేతల్లోకి వచ్చింది. డీజే నోరు మూయించింది. పీటలు తూర్పుకు తిప్పించింది. "ఏమయ్యా, పిల్లని బొంగరంలా తిప్పి ఫోటోలా? కళ్లు తిరిగి పడితే అదీ తీస్తావా?" అని ఫోటోగ్రాఫర్ని కూర్చోబెట్టింది. ఆ పెద్దావిడ ఎవరి తాలూకో తెలియకపోయినా, ఇలాంటి మనిషి ఒకరు ఉండాలని అందరూ ఒప్పుకున్నారు.

ముహూర్తం ముంచుకొచ్చింది. సుమతి తమ్ముడు నాగబాబు అప్పుడు చెమటలు కక్కుతూ వచ్చాడు.

"అక్కా, షాపువాడు కవరు మార్చేశాడే. విప్పి చూస్తే లుంగీలున్నాయి. ఓణీ ఆటోలో పంపిస్తున్నాడు, కాస్త టైం పడుతుందంట."

పిల్ల గుమ్మం వైపు చూసింది. రాజకుమారి కళ్లు నిప్పులయ్యాయి.

"మేనమామవేనా నువ్వు? గుమ్మం వైపు చూస్తూ కూర్చున్న పిల్ల ఆ చూపు ఎన్నేళ్లు మోస్తుందో తెలుసా నీకు?"

"తప్పయిపోయిందండీ అత్తయ్యగారూ." ఇంత హక్కుగా తిట్టగలిగిన మనిషి పరాయిది కాజాలదని నాగబాబు నమ్మాడు.

రాజకుమారి సంచిలోని పట్టు ఓణీ తీసి అతని చేతుల్లో పెట్టింది. "పట్టుకో. నీ చేత్తోనే కప్పు. కానీ!"

అక్షింతలు పడ్డాయి. సుమతి కళ్లు తుడుచుకుంది. న్యాయం పరిఢవిల్లింది. అనవలసిన వాక్యం ఒక్కటి మిగిలిపోయింది గనుక, పెద్దాయనను పిలిపించింది. ద్వారబంధానికి తల తగలకుండా వంగి, బుర్ర మీసాల పెద్దమనిషి ఒకరు వచ్చారు. వెంకట్రామయ్య పొట్టివాడు. కాలం ముఖాన్ని మారుస్తుంది గాని, మనిషిని మూరెడు పొడుగు చేయదు.

అదే సమయానికి గిరిధర్ మెట్లు దిగి వచ్చాడు. "రాజీ, కింద భోజనాల బంతిలో ఖాళీ లేదని పైకెళ్లా. మీ మావయ్య అక్కడున్నాడు. నీ కోసం ముహూర్తం కూడా ఆపేశాడు."

రాజకుమారి మేడ ఎక్కింది. పీటల మీద బిందు గుమ్మం వైపే చూస్తోంది. కుర్చీలో ఎనభై ఏళ్ల వెంకట్రామయ్య చేతులు చాచాడు.

"వచ్చావా తల్లీ! మొదటి ఓణీ నీ చేత కప్పించాలని పిల్లని కదలనివ్వలేదే. ఏదీ, తియ్యి."

సంచిలో మోపిదేవి ప్రసాదం తప్ప మరేమీ లేదు.

"లేదు మావయ్యా. కింద... ఎవరి పిల్లకో ఇచ్చేశాను."

ముసలాయన పకపకా నవ్వాడు. "నీది పుణ్యమేనే! నీ ఓణీని నేను చల్లపల్లిలో పేకాటలో ఓడిపోయాను. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఆమెకు కోపం రావలసిందే. కానీ ముద్దాయి పక్కనే అదే బోనులో నిలబడి తీర్పు చెప్పే పద్ధతి, ఆమె చదివిన కాన్వెంటులో ఎవరూ నేర్పలేదు.

మెట్ల మీద పరుగు వినిపించింది. "అత్తయ్యగారూ! మా ఓణీ వచ్చిందండీ," అన్నాడు నాగబాబు రొప్పుతూ. "మీది మా పిల్ల విప్పనంటోంది. ఇది మీరుంచేసుకోండి."

రాజకుమారి చేయి చాచేలోపు వెంకట్రామయ్య ఆ ఓణీ అందుకుని, బిందు వైపు అడుగేయబోయిన మేనకోడలిని ఆపాడు.

"ఉండవే. వరసలో నువ్వు ముందు."

కుర్చీ పట్టుకుని లేచాడు. ఆమె నెరిసిన జుట్టు మీదుగా భుజాన ఓణీ కప్పాడు. "ఆలస్యమైందే తల్లీ," అన్నాడు.

సానపట్టిన వాక్యం ఎంత వెతికినా నోటికి రాలేదు. రాజకుమారి ఆ ఓణీ కొంగుతోనే కళ్లు ఒత్తుకుని, తీసి, బిందుకు నిండుగా కప్పింది.

ఆ విధంగా నాలుగు దశాబ్దాల బాకీ పూర్తిగా తీరింది. వెంకట్రామయ్యకు మాత్రం ఈసారి కూడా పైసా ఖర్చు కాలేదు.