విత్తనాలు అక్కవి

ఆ రోజు అనుకున్న పని చిన్నదే. ఓబులమ్మ, తమ్ముడు ముత్యాలప్ప బెళుగుప్పలో పొద్దుటి బస్సెక్కి, చీకటి పడేలోగా బెంగళూరు ఆసుపత్రిలో చేరాలి. ముత్యాలప్ప ఒంట్లో రక్తం పుట్టడం మానేసింది. అక్క రక్తం అతనికి సరిపోయింది.

"ఆమె రక్తంలో తిరిగే విత్తన కణాలను యంత్రంతో పట్టి, మిగతా రక్తం ఆమెకే ఎక్కిస్తాం. ఆ విత్తనాలు మీ ఎముకల్లో మొలిచి కొత్త రక్తం ఇస్తాయి. పద్ధతి కొత్తది" అని డాక్టరు సేద్యగాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాడు. అర్థం కావడమే కొంప ముంచింది.

బస్సు కోసం కూర్చున్న టీకొట్టు దగ్గర తిప్పయ్య తగిలాడు. ఊళ్ళో ఎవరికెవరు ఏమవుతారో తేల్చే పెద్దమనిషి. సంగతంతా విని గడ్డం గోక్కున్నాడు.

"విత్తనం వదినెదైతే పంటెవురిది బావా?"

"అక్కదే."

"అంటే నీ ఒంట్లో పారేది ఆమె రక్తమే. ఆమె కొడుక్కి నువ్వు తల్లివైతావు. నీ కూతురు వానికి చెల్లెలైతాది. ఇంగ పెండ్లెట్లప్పా?"

ఆ ఇద్దరికీ తాంబూలాలు పుచ్చుకుని నెల కాలేదు.

"అయితే ఓబులమ్మక్క మొగుడు నీకేమైతాడన్నా?" అన్నాడు టీ పోస్తున్న చెన్నప్ప, ముత్యాలప్పతో. అందరూ నవ్వారు. ముత్యాలప్ప నవ్వలేదు. బస్సు వచ్చినా మూట మీదనుంచి లేవలేదు.

"బిడ్డ పెండ్లి చెడగొట్టి నేను బతకాల్నా? ఇంటికి పోక్కా."

బస్సు దుమ్ము రేపుకుంటూ పోయింది.

ఓబులమ్మ తమ్ముడి చేతులు చూసింది. గోళ్ళు సున్నంలా తెల్లగా ఉన్నాయి. కరువేడాది తన విత్తనాల బస్తా బండికెత్తి తెచ్చి, ఆమె చేను విత్తిన చేతులవి.

"రేయ్, ఆ యేడు నా చేన్లో పడింది నీ విత్తనాలే కదా. చేను నీదైపాయనా?"

"నీదే."

"పంటెవురు తినిరి?"

"నువ్వే."

"మరి నీ ఒళ్ళు నాదెట్లైతాదిరా? ల్యా, ఇంగో బస్సొస్తాండాది."

చెన్నప్ప తిప్పయ్య వైపు చూశాడు. తిప్పయ్య, చల్లారిన టీని ఊదుకుంటున్నాడు.

రెండేళ్ళకు పెళ్ళి జరిగింది. ఆడపెళ్ళివారి బంతిలో ముత్యాలప్ప ఎర్రటి అరచేతులతో విస్తరి సర్దుకున్నాడు. వడ్డిస్తున్న తిప్పయ్య అతని ముందు ఆగాడు.

"ఇంతకూ నిన్ను బావా అనాల్నా, వదినే అనాల్నా?"

"ఎట్లన్నా పిలువప్పా. నెయ్యి మాత్రం సరిగ్గా ఎయ్యి."