ఆసియాకు ఆసుపత్రి చదువు

దేశం కాని దేశం నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్లకు మన దేశం గురించి ఎవరు నేర్పాలి? స్కూళ్లా? స్వచ్ఛంద సంస్థలా? అక్కర్లేదండీ! ప్రభుత్వాసుపత్రి ఓపీ కౌంటర్ ఉండగా ఇంకొకరెందుకు? దాన్ని ఆసుపత్రి అనుకోవడం మన అజ్ఞానం. అదొక యూనివర్సిటీ!

ఫ్యాను కింద చోటు కోసం తోసుకోవడం వ్యాయామ విద్య. సర్వర్ డౌన్ అనగానే కళ్లు మూసుకుని గాలి పీల్చడం యోగా. రక్తం తీసేది మేడ మీద, రిపోర్టు ఇచ్చేది కింద, దాన్ని చూసే డాక్టరు వెనక బిల్డింగులో. ఇది భూగోళం. రాని ఓటీపీ కోసం ఫోను వంక చూస్తూ కూర్చోవడం భక్తి. ఇంత సిలబస్ ఫ్రీగా ఏ దేశంలో చెబుతారు?

ఈ యూనివర్సిటీలో ఆసియా అనే ఆమెకు సీటు ఇప్పించిన పుణ్యం షాజాదీది. షాజాదీ రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లకు జేబులు కుడుతుంది. ఆసియా బర్మా నుంచి పారిపోయి, క్యాంపులన్నీ తిరిగి, ఈమధ్యే ఆమె పక్క గదిలో దిగింది. తెలుగు ముక్క రాదు. షాజాదీ ఉర్దూ సగం అర్థమవుతుంది, మిగతా సగానికి తల ఊపుతుంది.

ఒక రోజు ఆసియా చంటిపిల్ల ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నాయి. అది చూసి షాజాదీకి భయమేసింది. కుట్టుపని వదిలేసి లేచింది.

"నీకెందుకమ్మా ఈ తలనొప్పి?" అన్నాడు సూపర్‌వైజర్ బాషా.

"నాకు తెలీని ఆసుపత్రా అన్నా అది? నేను పుట్టిందే ఆడ!"

తల్లీబిడ్డల్ని బస్సెక్కించింది. ఏ ఊరి ఆసుపత్రో చెప్పను. చెబితే మిగతా ఆసుపత్రులు 'మాకేం తక్కువ' అని అలుగుతాయి.

ఓపీ కౌంటర్లో ఓబుళేసు ఆసియా శరణార్థి కార్డును తిప్పి తిప్పి చూశాడు. "ఇదేం కార్డమ్మా? ఆధార్ యాడుండాది?"

"సొంత దేశమే ఆయమ్మను మనిషని ఒప్పుకోల్యా. ఆధార్ యాడ్నించి తెస్తాదన్నా?"

"సరే, నీ ఆధార్ మీద చీటీ రాస్తా. పోయి లైన్లో చెప్పులు పెట్టు."

అవును, చెప్పులే! డాక్టరు గది ముందు మనుషులు నిలబడే మోటు పద్ధతి మా దగ్గర లేదు. జనం వేపచెట్టు నీడన కూర్చుంటారు, వాళ్ల తరఫున చెప్పులు వరుసలో ఉంటాయి. చెప్పులకు ఆధార్ అడగరు, ఓటీపీ రాదు, నీరసం రాదు. ఇంతకు మించిన సంస్కరణ ఉందా?

షాజాదీ తన చెప్పుల్ని చివర పెట్టి, ఆసియాను అక్కడే కూర్చోమని సైగ చేసి, మంచినీళ్లకు వెళ్లింది.

అతిథిగా వెళ్లిన చోట పెద్దల చెప్పులు చిందరవందరగా కనబడితే సర్దిపెట్టడం ఆసియా ఇంటి మర్యాద. ఈ ఊరివాళ్లు తనకు ఇంత నీడ ఇచ్చారు, ఈ మాత్రం చేయొద్దా అనుకుంది పాపం. బిడ్డను చంకనేసుకుని, ఒక్కో జతా దుమ్ము దులిపి గోడ వారగా పెట్టింది. ఆడవాళ్లవి ఒక పక్క, మగవాళ్లవి ఒక పక్క, పిల్లలవి ముందు. ఎంత ముచ్చటగా ఉందో!

షాజాదీ తిరిగొచ్చేసరికి జనంలో ప్రళయం!

"ఎవరప్పా నా చెప్పులు తీసింది?"

"ముందు నావే ఉన్న్యాయి!"

"నీవి యాడున్న్యాయి? నేను తెల్లారకముందే వచ్చినా!"

శింగనమల రైతు బయ్యన్న ఒక చేత్తో ఛాతీ అదుముకుని, రెండో చేత్తో ఒంటి చెప్పు ఊపుతూ తన వంతు కోసం ఆయాసంతో అరుస్తున్నాడు. ఆసియా బిడ్డను గుండెకు హత్తుకుని వెనక్కి జరిగింది.

"ఆయమ్మకు తెల్దప్పా!" షాజాదీ అడ్డం నిలబడింది. "మీ చెప్పుల దుమ్ము దులిపి పెడితే ఆయమ్మనే తిడతాండారే! సిగ్గులేదా?"

ఈ రభసకు డాక్టర్ వనజాక్షి కసురుకుంటూ బయటికి వచ్చింది. ఆమె కళ్లు పిల్ల డొక్కల మీద పడ్డాయి. పిల్లను లాక్కుని లోపలికి పరుగెత్తింది. ఆక్సిజన్ పెట్టిన కాసేపటికి నీలంగా మారిన పెదాలకు రంగొచ్చింది. పిల్ల కెవ్వుమంది. ఆసియా గోడకు చేరబడి భోరుమని ఏడ్చింది.

"ఇంత ఆయాసముంటే లైన్లో ఎందుకు కూర్చున్నారు?" డాక్టరు షాజాదీ మీద మండిపడింది. "ఎమర్జెన్సీ వాకిలి పక్కనే ఉంది కదా! అక్కడ ఆధార్ అడగం, చీటీ అడగం."

"యాడ మేడం?"

డాక్టరు చూపించింది. బోర్డు ఉంది. ఎందుకు లేదు? దాని మీద నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు, అంతే. ఉత్తమ సేవలకు ఈ ఆసుపత్రికి అవార్డు వచ్చిన సందర్భంగా నాయకుల శుభాకాంక్షలు! తను పుట్టిన ఆసుపత్రిలో షాజాదీకే దారి తెలియలేదు!

ఓబుళేసు మెల్లగా దగ్గరికొచ్చాడు. "ఈ వాకిలి సంగతి ఊరంతా చెప్పొద్దమ్మా. తెలిస్తే అందరూ వస్తారు."

ఎంత ముందుచూపో చూశారా! రోగులు రాకపోతేనే కదా ఆసుపత్రి శుభ్రంగా ఉండేది!

షాజాదీకి ఈ సూక్ష్మం అర్థం కాలేదు. వరండాలోకి వచ్చి, కుట్టుమిషన్ల హోరులో అరిచే గొంతుతో అరిచింది.

"ఊపిరాడనోళ్లు, గుండె నొప్పోళ్లు ఇట్లా రాండప్పా! ఈడ ఇంకో వాకిలి ఉండాది! లైను లేదంట!"

ఎవరూ కదల్లేదు. తన వంతు కోసం గొడవపడుతున్న బయ్యన్న ఆగి, ఫ్లెక్సీ వైపు చూశాడు, లోపల ఏడుస్తున్న పిల్ల వైపు చూశాడు. ఛాతీ మీది చెయ్యి తీయకుండానే, నమ్మలేనట్టు అడిగాడు.

"అది మాకు కూడానా, తల్లీ?"